మిర్చి రైతుల గ్రూపులో ఏఐ జవాబులు: తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న – నర్సంపేట రైతు

అందరికీ నమస్కారం. ఆరేళ్లకు పైగా ఫేస్‌బుక్‌లో మిర్చి రైతుల గ్రూపు ఒకటి నడుపుతున్నాను. నర్సంపేట, నెక్కొండ, పరకాల, ములుగు వైపు వాళ్లే ఎక్కువ. 2021లో నల్ల తామర పురుగు పూతనంతా నాకేసిన ఏడాది గ్రూపు ఒక్కసారిగా పెరిగింది. ముగ్గురం అడ్మిన్లం. జీతం లేదు, తీరిక అసలే లేదు. పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక పోస్టులు చూస్తాం.

దసరా ముందు ఒక రైతు తేజ రకం మిర్చి తోట ఫొటో పెట్టాడు. ఆకు అంచులు కిందికి ముడుచుకుని, తిరగేసిన పడవలా ఉంది. కాడ సాగి ఎలుక తోకలా వేలాడుతోంది. మా ఊళ్లో బడికి వెళ్లే పిల్లవాడు కూడా అది కింది ముడత అని చెబుతాడు. అంటే ఆకు రసం పీల్చే నల్లి పని. ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. పది నిమిషాల్లో ఎవరో జవాబు పెట్టారు. అంకెలు వేసి, అంశాలు విడగొట్టి, చూడ ముచ్చటగా ఉంది. "ఇది తామర పురుగు లక్షణం" అని తేల్చి, ఇమిడాక్లోప్రిడ్ కొట్టమని మోతాదుతో సహా చెప్పింది. ఆ మందు నల్లిని ఏమీ చేయదు. మేము చూసేసరికి మర్నాటి సాయంత్రం. ఆయన అప్పటికే రెండెకరాలు కొట్టేశాడు. మందు డబ్బు, కూలి డబ్బు పోయాయి. వారంలో ముడత పక్క మడికీ పాకింది.

జవాబు పెట్టిన అబ్బాయికి ఫోన్ చేశాను. "నేను రాయలేదన్నా, ఏఐ రాసింది. బాగుంది కదా అని పెట్టాను" అన్నాడు. హనుమకొండలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడట. మిర్చి ఎప్పుడూ వేయలేదు. సాయం చేయాలనే పెట్టాడు, అందుకే గట్టిగా తిట్టలేకపోయాను.

ఆ కోపంలో నియమం పెట్టాం: ఏఐ రాసినట్టు కనిపిస్తే తీసేస్తాం. మూడో రోజుకే నేనే బోల్తా పడ్డాను. నెక్కొండ వైపు నుంచి ఒకామె, చపాట రకం మిర్చి మొక్కలు వాలిపోతున్నాయని అడిగింది. "గౌరవనీయులైన రైతు సోదరులకు" అని మొదలు, కింద అంతా పాఠ్యపుస్తకం భాష. చదివీ చదవకుండా తీసేశాను. రెండు రోజులకు ఆమె ఫోన్ చేసింది. ఆమెకు రాయడం రాదు. ఆమె చెబుతుంటే మనవరాలు ఏఐతో రాయించిందట. ఫొటో ఆమె చేనుదే, బాధా ఆమెదే. వాన నీళ్లు నిలిచి వేరుకుళ్లు పట్టింది. ఈలోపు ఇంకో నాలుగు సాళ్లు వాలాయి.

ఇప్పుడు చెప్పండి. గ్రూపులు నడిపేవాళ్లు దీన్ని ఎలా పట్టుకుంటున్నారు? పట్టుకుని ఏం చేస్తున్నారు?

జవాబు – కరీంనగర్ నుంచి, ప్రోగ్రామర్

అన్నా, పట్టుకునే యంత్రాల జోలికి మాత్రం వెళ్లకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ వాళ్లే 2023 జనవరిలో అలాంటి పరికరం ఒకటి విడుదల చేశారు. వాళ్ల లెక్క ప్రకారమే అది ఏఐ రాతల్లో 26 శాతాన్ని పట్టుకుంది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐ అని తప్పుగా ముద్ర వేసింది. కచ్చితత్వం తక్కువని ఆ జూలైలోనే తీసేశారు. అది ఇంగ్లీషు సంగతి, మన తెలుగు సంగతి మీరే ఊహించుకోండి.

మా వృత్తిలో అందరూ సందేహాలు అడిగేది స్టాక్ ఓవర్‌ఫ్లో అనే వెబ్‌సైటులో. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వస్తే, వారం తిరగకుండానే అక్కడ దాని జవాబులను నిషేధించారు. జవాబులు చూడటానికి బాగుంటాయి, తప్పులు ఎక్కువ, తయారుచేయడానికి నిమిషం పట్టదు, సరిచూసేవాళ్లు మాత్రం గుప్పెడు మంది. మీ గ్రూపు కష్టం అచ్చంగా ఇదే. తరువాతి ఏడాది ఆ సైటు నడిపే కంపెనీ అడ్డం తిరిగింది. అమాయకులు కూడా బలవుతున్నారు, అనుమానం మీద తొలగించవద్దు అని మోడరేటర్లకు, అంటే మీలాగే జీతం లేకుండా పోస్టులు సరిచూసేవాళ్లకు చెప్పింది. వాళ్లు 2023 జూన్ 5న సమ్మెకు దిగారు! ఆగస్టులో రాజీ కుదిరింది. ఏ ఆనవాళ్లు ఉంటే తొలగించవచ్చో ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నారు. మీ ముగ్గురిలో ఒకరు కంపెనీ వైపు, ఇద్దరు మోడరేటర్ల వైపు ఉంటారని పందెం.

జవాబు – హనుమకొండ టీచరు

అన్నగారూ, నేను తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. ఈ తలనొప్పి మాకు ఏఐ కంటే ముందే ఉంది. 2009 ప్రాంతంలో గూగుల్ పథకం ఒకటి నడిచింది. ఇంగ్లీషు వ్యాసాలను యంత్రంతో తెలుగులోకి మార్చి, కొంత దిద్ది తెలుగు వికీపీడియాలో చేర్చారు. వ్యాసాలు చాంతాడంత, వాక్యాలు మాత్రం నోట్లో తిరగవు. దిద్దడం కంటే కొత్తగా రాసుకోవడమే సులువు. చివరికి చర్చించి చాలావాటిని తొలగించాల్సి వచ్చింది. చిన్న భాషల గతి ఇంకా ఘోరం. గ్రీన్‌లాండిక్ భాషలో వికీపీడియా నడిపిన ఆయన, యంత్రం రాతలతో నిండిపోయిందని తానే మూసేయమన్నాడు, 2025లో అందుకు ఒప్పుకున్నారు.

ఇంగ్లీషు వికీపీడియా 2025 ఆగస్టులో పెట్టిన నియమం మీకు పనికొస్తుంది. మనిషి సరిచూడకుండా పెట్టిన ఏఐ వ్యాసాన్ని చర్చ లేకుండా వెంటనే తీసేయవచ్చు. కానీ రుజువు కావాలి. ఏఐ అడిగినవాడితో అన్న మాట అలాగే మిగిలిపోయి ఉండటం, లేని పుస్తకాన్ని మూలంగా చూపడం వంటివి. శైలి ఒక్కటే చూసి వేటు వేయరు. మీ నెక్కొండ పెద్దమ్మ పోస్టు ఆ లెక్కన నిలిచేది. ఆ పిల్ల భాషకు మార్కులు వేయాల్సిన చోట మీరు సున్నా చుట్టారు!

జవాబు – జమ్మికుంట, పత్తి గ్రూపు

మేము "ఏఐ వాడితే పైన రాయాలి" అని నియమం పెట్టాం. మొదటి వారం బుద్ధిగా రాశారు. అలా రాసినవాళ్లను మిగతావాళ్లు ఎగతాళి చేశారు. ఇప్పుడు ఎవరూ రాయడం లేదు. వాడటం మాత్రం ఆగలేదు. మీ ఇష్టం.

జవాబు – హనుమకొండ, పోటీ పరీక్షలు

ఆ జవాబు పెట్టింది నేనే. మా నాన్న కూడా మిర్చి వేసేవాడు, నష్టం వచ్చి మానేశాడు. ఆ గ్రూపులో ఏదో ఒకటి రాస్తే ఆయన గర్వపడతాడనుకున్నాను. ఆ రైతన్న నంబరు ఇస్తే మాట్లాడతాను. ఒక్క మాట, ఫొటో కూడా ఏఐకి చూపించాను. అది అంత ధీమాగా చెప్పేసరికి, మా నాన్నకు ఫోన్ చేసి అడగాలన్న ఆలోచనే రాలేదు.

నర్సంపేట రైతు

తమ్ముడూ, నంబరు విడిగా పంపాను. ఆయన తిడితే పడు. రెండు నిమిషాలు తిట్టి, తరువాత టీ తాగడానికి రమ్మంటాడు, నాకు తెలుసు.

నిన్న రాత్రి ముగ్గురం కూర్చున్నాం. కరీంనగర్ తమ్ముడు పందెం గెలిచాడు, ఇద్దరు ఒకవైపు, నేను ఒకవైపు. ఒంటిగంటకు ఒక మాట మీదికి వచ్చాం. ప్రశ్న ఎవరితో రాయించుకున్నా మాకు పని లేదు. ఏఐతో అయినా, పక్కింటి పిల్లతో అయినా సరే, ఫొటో సొంత చేనుదైతే చాలు. మందు పేరు గానీ మోతాదు గానీ చెప్పే జవాబుకు మాత్రం కింద ఒక వాక్యం ఉండాలి: ఏ ఊళ్లో, ఏ పంట మీద, ఎప్పుడు కొట్టి చూశారు, లేదా ఏ వ్యవసాయాధికారి చెప్పారు. ఆ వాక్యం లేకుంటే జవాబు తీసేస్తాం, మనిషి రాసినా సరే. అలా చేస్తే ఏఐదా కాదా అని గుడ్డి లెక్కలు వేసుకునే పని మాకు తప్పుతుంది. జమ్మికుంట అన్న చెప్పిన ఎగతాళి కూడా ఉండదు, ఎందుకంటే ఏఐ అని ఎవరినీ అడగం. ఆ వాక్యం కూడా ఏఐతోనే పుట్టిస్తే అని మా మూడో అడ్మిన్ అడిగాడు. పుట్టించవచ్చు. కానీ ఊరి పేరు పెట్టాక ఆ ఊరివాడు ఒకడు గ్రూపులో ఉంటాడు కదా.

మందుల పోస్టులు ముందు మా ఆమోదం కోసం ఆగేలా మార్చాం. ఇక సాయంత్రం నుంచి కాక మధ్యాహ్నం నుంచే ఫోను చూడాలి, దానికి ఇంట్లో ఒప్పించడం వేరే గొడవ.

నెక్కొండ అమ్మకు ఫోన్ చేసి తప్పయిందని చెప్పాను. పోస్టు మళ్లీ పెట్టాం. కాలువ తీసి నీళ్లు బయటికి పంపారట, మిగతా సాళ్లు నిలబడ్డాయి. "గౌరవనీయులైన" అని మాత్రం తీసేయమని మనవరాలికి చెప్పిందట. వద్దమ్మా, ఉండనీ అన్నాను.