షాంటౌలో రెండు రోజులు: బొమ్మల బేరం అయ్యాక ఏం చూడాలి?

బొమ్మలకొట్టు, విజయవాడ:
వచ్చే నెల సరుకు చూసుకోవడానికి చైనాలోని షాంటౌ వెళ్తున్నాను. పనంతా ఆ ఊరి చెంగ్‌హాయ్ జిల్లాలో, ప్లాస్టిక్ బొమ్మల ఫ్యాక్టరీల దగ్గరే. బేరాలు తేలాక రెండు రోజులు చేతిలో ఉంటాయి. తమవాళ్లు ఊళ్లో కంటే విదేశాల్లోనే ఎక్కువని సరుకు పంపే ఆయన గొప్పగా చెబుతుంటాడు. ఆ సంగతి కళ్లకు కనిపించే చోట్లు ఉన్నాయా, లేక గ్వాంగ్‌జౌ వెళ్లిపోవడమే నయమా?

రైలు చక్రం:
గ్వాంగ్‌జౌ వెళ్లిపోండి. షాంటౌలో ఉన్నది సముద్రం, ఎండ, ఉక్కపోత. వాటికి కాకినాడ చాలదా?

తెల్లకోటు:
పై సలహా వినకండి. నేను ఎం.బి.బి.ఎస్. చదివింది అక్కడే. ఫ్యాక్టరీ గేటు చూసి తిరిగొచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ముందుగా పాత రేవు పేటలో చ్యావ్‌పీ మ్యూజియం చూడండి. 1860లో విదేశీ వ్యాపారానికి రేవు తెరిచాక ఈ ప్రాంతపు టియోచ్యూ జనం సియాం (ఇప్పటి థాయ్‌లాండ్), మలయా, సింగపూర్, వియత్నాంలకు లక్షల్లో తరలిపోయారు. వాళ్లు ఇంటికి పంపే డబ్బూ ఉత్తరమూ కలిసే వచ్చేవి. వాటినే చ్యావ్‌పీ అంటారు. మన మనియార్డరు ఫారం అడుగున రెండు ముక్కలు రాసేవాళ్లం కదా, దానికి పెద్దన్న అనుకోండి. ఎంత సొమ్ము పంపారో కవరు మీదే రాసి ఉంటుంది. లోపల అమ్మకు ఇంత, పిన్నమ్మకు ఇంత అని పంపకం. తల్లికి చదువు రాకపోతే డబ్బు తెచ్చిన మనిషే ఉత్తరం చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసుకుని పోయేవాడు. ఆ జవాబే రసీదు. జపాన్ యుద్ధంలో సముద్రమార్గం తెగిపోతే వియత్నాం సరిహద్దులోని దోంగ్‌షింగ్ మీదుగా చుట్టు తిప్పి సొమ్ము చేరవేశారు. 2013లో యునెస్కో ఈ ఉత్తరాలను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. నాకు మాత్రం యునెస్కో కంటే ఆ పిన్నమ్మ వాటా గొప్పది.

రెండోది మీ చెంగ్‌హాయ్‌లోనే ఉంది. లోంగ్‌డూలో చెన్ ట్సిహోంగ్ కుటుంబ భవనాలు. బ్యాంకాక్ బియ్యం వ్యాపారంలో గడించిన ఆ కుటుంబం 1910లో మొదలుపెట్టి 1939 దాకా కట్టిస్తూనే ఉంది. మొత్తం 506 గదులు. పొద్దున్నే కిటికీలు తెరవడం మొదలుపెట్టిన పనివాడు, అన్నీ తెరిచి మళ్లీ మూసుకుంటూ వచ్చేసరికి చీకటి పడేదని ఊళ్లో చెప్పుకుంటారు. నాకైతే ఆ పనివాడి మోకాళ్ల మీదికే ధ్యాస పోతుంది.

బొమ్మలకొట్టు, విజయవాడ:
రెండూ చూస్తాను. ఇంకో సందేహం. పోయినసారి మా తమ్ముడు వెళ్తే, ఐదుగురు కూర్చున్న చోట మూడే టీ కప్పులు పెట్టారట. కావాలని చేసిన అవమానమా?

తెల్లకోటు:
కానే కాదు. అక్కడ ఎంతమంది ఉన్నా మూడు కప్పులే పెట్టడం ఆనవాయితీ. ముందు పెద్దలకు, అతిథులకు. వాళ్లు తాగాక కప్పును మరిగే నీళ్లతో కడిగి తరువాతి వారికి పోస్తారు. కప్పుకు రెండు గుక్కలే. ఒకటి నింపి మరొకటి నింపరు. మూడు కప్పులూ ఆనించి పెట్టి, వాటి మీద గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. అడుగున మిగిలే చిక్కటి డికాషన్‌ను చుక్క చుక్కగా మూడింటికీ పంచుతారు. ఎవరికీ పలచనిది రాకూడదు. మీకు పోస్తున్నప్పుడు బల్ల మీద రెండు వేళ్లతో తట్టండి, కృతజ్ఞత చెప్పినట్టే. ఫీనిక్స్ కొండల డాన్‌చోంగ్ టీ ఆకు తీశారంటే మీకు మర్యాద బాగానే జరుగుతున్నట్టు. చక్కెర మాత్రం అడగకండి.

బ్యాంకాక్ బాబాయి:
ఇక్కడ చైనా పేటలో పాత కుటుంబాలు ఎక్కువగా టియోచ్యూ వాళ్లవే. 1767లో సియాం గద్దెనెక్కిన తాక్సిన్ రాజు తండ్రిదీ చెంగ్‌హాయే. తాక్సిన్ దుస్తులు పూడ్చిపెట్టిన సమాధి అక్కడి హ్వాఫూ గ్రామంలో ఉంది. అదీ చూసి రండి.

రైలు చక్రం:
సరే, ఒప్పుకుంటున్నాను. శాకాహారులు ఏం తినాలి?

తెల్లకోటు:
తెల్ల గంజి, నంజుకోవడానికి ఉప్పులో ఊరేసిన ముల్లంగి. వేపుళ్ల జోలికి వెళ్లేముందు నూనె ఏదో అడగండి, పంది కొవ్వు ధారాళంగా వాడతారు.