‘ఈగిల్’ దిగిందా, వాలిందా?

మొన్న మా అబ్బాయి స్కూలు చార్టు కోసం అపోలో 11 గురించి తెలుగులో రాస్తూ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాడు. 1969 జూలై 20న, తమ నౌక ‘ఈగిల్’ చంద్రుణ్ణి చేరగానే, అక్కడి నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ హ్యూస్టన్‌లోని నాసా కేంద్రానికి చెప్పిన మాట అది. వాడు ముందు ‘ఈగిల్ ల్యాండ్ అయింది’ అని రాశాడు, తెలుగులో రాయమంటే ‘దిగింది’ అని దిద్దాడు. తప్పు లేదు, బస్సు దిగుతాం, విమానమూ దిగుతుంది. కానీ నా మనసు ‘వాలింది’ దగ్గరే ఉంది.

నౌక పేరే పక్షి పేరు కదా! మా ఊళ్లో చేలో కొంగ వాలుతుందే గానీ ‘కొంగ దిగింది’ అనగా నేను వినలేదు. అది వాలేటప్పుడు గమనించండి. రెక్కలు విప్పి వేగం తగ్గించుకుంటుంది, కాళ్లు ముందుకు చాపుతుంది, నేల తగిలాకే రెక్కలు ముడుస్తుంది. ఈగిల్‌కి రెక్కల్లేవు. కింద మండే ఇంజనే దాని వేగాన్ని తగ్గించింది. నాలుగు కాళ్లలో మూడింటికి దాదాపు 170 సెంటీమీటర్ల సన్నటి కడ్డీలు వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి నేలకి తగలగానే లోపల లైటు వెలిగింది, ‘కాంటాక్ట్ లైట్’ అన్నాడు పక్కనున్న తోటి వ్యోమగామి ఆల్డ్రిన్. ఇంజను ఆపింది ఆ తర్వాతే.

ఎంత మెత్తగా వాలిందంటే, అదురు తట్టుకోవడానికి కాళ్లలో అమర్చిన, తేనెపట్టులా గదులు గదులుగా ఉండే అల్యూమినియం దిమ్మ దాదాపు నలగనే లేదు. కాళ్లు కుంగకపోయేసరికి నిచ్చెన ఆఖరి మెట్టుకీ, నేల మీద ఆనే కాలి అడుగున ఉన్న పళ్లేనికీ మధ్య మీటరు దాకా ఎడం మిగిలింది. ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడి నుంచి గెంతాడు. ఆయన విషయంలో ‘దిగాడు’ అనే రాస్తాను.

— బాగుందండీ. కానీ ‘వాలింది’ అంటే ఒరిగిందని కూడా వస్తుంది కదా? గోడ పక్కకి వాలింది అంటాం. చదివేవాళ్లకి టెన్షన్ పుట్టదూ? ఇంకోటి, ఈగిల్ అంటే గద్దా, డేగా?

— మంచి ప్రశ్నండీ. ‘చంద్రుడి మీద వాలింది’ అన్నప్పుడు ఆ అనుమానం రాదు, ‘పక్కకి’ అని ఉంటేనే ఒరగడం. అయినా ఈగిల్ నాలుగున్నర డిగ్రీలు ఒరిగే నిలబడింది లెండి, మీ అర్థమూ కొంత నిజమే. పేరు మాత్రం ఈగిల్‌గానే ఉంచుతాను. గద్ద అనగానే మనకి కోడిపిల్లని తన్నుకుపోవడమే గుర్తొస్తుంది. ఆ భయం నాసా వాళ్లకీ కలిగింది. అపోలో 11 చిహ్నానికి రూపం ఇచ్చిన మూడో వ్యోమగామి కాలిన్స్ మొదట శాంతికి గుర్తయిన ఆలివ్ కొమ్మని పక్షి ముక్కున పెట్టాడు. చాపిన గోళ్లు మరీ భయపెట్టేలా ఉన్నాయని పైవాళ్లు అనడంతో ఆ కొమ్మని గోళ్లకి మార్చారు. ఆ బొమ్మ ఒకసారి తీసి చూడండి: రెక్కలు విప్పి, కాళ్లు చాపి, పక్షి చంద్రుడి మీద వాలుతూ ఉంటుంది.