గోదావరి పక్కన మ్యూజియం: స్టోర్ రూమ్ ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా అమలాపురం దగ్గర ఒక జాతీయ మ్యూజియం డిజైన్ చేస్తున్నాను (కాగితం మీదే లెండి, ఎవరూ కట్టట్లేదు). చిక్కంతా స్టోర్ రూమ్‌తోనే.

సెల్లార్ మాట ఎత్తకండి. 1986 వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన నీరు వచ్చింది. పోనీ పై అంతస్తులో పెడదామంటే రాతి విగ్రహాల బరువు, కిందేమో మెత్తటి ఒండ్రు నేల. తాటాకు గ్రంథాలకు తేమ గండం ఎలాగూ ఉంది. మా ఇంట్లో గోడవారగా ఉన్న బీరువాలో పట్టుచీర మడతల్లోనే వానాకాలం తెల్లగా బూజు పట్టేస్తుంది.

అందుకే రాళ్లు కింద, తాటాకులు, బట్టలు పైన అనుకుంటున్నా. మా గైడ్ గారు మాత్రం స్టోర్ అంతా ఒకేచోట ఉండాలంటారు. మ్యూజియంలో పనిచేసినవాళ్లు చెప్పండి, రెండు చోట్ల ఉంటే నిజంగా అంత ఇబ్బందా? వరదలో కరెంటు పోతే ఏసీ లేకుండా తాటాకులు ఎన్నాళ్లు తట్టుకుంటాయి?