అప్‌డేట్: కొత్త సైబర్‌పంక్ నవలలు అడిగాను కదా, మూడు పూర్తయ్యాయి

సైబర్‌పంక్ అంటే టెక్నాలజీ ఎంత పెరిగినా మామూలు మనుషుల బతుకులు దిగజారిన భవిష్యత్తు కథలు. అలాంటి నవలే అయిన 1984 నాటి ‘న్యూరోమాన్సర్’ చదివాక, ఈ పదేళ్లలో వచ్చినవాటిలో ఏవి చదవాలని గత నెల అడిగాను. మీరు చెప్పినవాటిలో మూడు చదివేశాను.

ముందుగా లావణ్య లక్ష్మీనారాయణ్ రాసిన ‘ది టెన్ పర్సెంట్ థీఫ్’. బెంగళూరు అందులో ‘ఎపెక్స్ సిటీ’. మనిషి విలువను ఉత్పాదకతతో కొలుస్తారు. అడుగున మిగిలిన పది శాతం మందికి టెక్నాలజీ అందదు. అధ్యాయానికో మనిషి రావడంతో మొదట చికాకు పడ్డాను. సగానికొచ్చేసరికి ఆ నగరమే కథానాయిక అని అర్థమైంది.

మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ (2017) చిన్నది, ఒక్క రాత్రిలో హాయిగా అయిపోయింది.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం రే నేలర్ ‘ది మౌంటెన్ ఇన్ ద సీ’ (2022). మీలో చాలామంది అందులోని ఆక్టోపస్‌ల గురించే చెప్పారు. నా మనసంతా కృత్రిమ మేధ నడిపే చేపల ఓడ మీదే ఉంది. అందులో మనుషులు బానిసలు. మా మామయ్యకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉంది. 61 రోజుల వేట నిషేధంలో కట్టేసిన ఆ బోటు మీదే కూర్చుని చదివాను. పక్కన మామయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఓడ సంగతి చెబితే సూది ఆపాడు.

“డ్రైవర్ లేడు సరే, లోపల పని ఎవరు చేస్తారు?”

“మనుషులే మామయ్యా. దిగిపోవడానికి వీల్లేదు.”

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “చివరికి బయటపడ్డారా?” అన్నాడు. మిగతా కథ రోజూ సాయంత్రం ఆయనకు తెలుగులో చెబుతున్నాను.

ఇప్పుడు సమిత్ బసు ‘ది సిటీ ఇన్‌సైడ్’ మొదలుపెట్టాను. ఇది ఢిల్లీ కథ.