గురువు'నా'జ్ఞా, గురువు'లా'జ్ఞా?

శేషు: పొద్దున్నుంచి సుమతీ శతకంలో ఒక పాదం వదలడం లేదు. "మీరకుమీ గురువు..." తర్వాత నాజ్ఞనా, లాజ్ఞనా? పిన్హాస్ లావోన్ మీద రాస్తున్నాను, శీర్షికకి కావాలి. 1954లో ఇజ్రాయెల్ రక్షణ మంత్రి. బ్రిటిష్ సైన్యం సూయజ్ వదిలి వెళ్లకుండా ఆపాలని ఇజ్రాయెల్ గూఢచారులు ఈజిప్టులో రహస్యంగా బాంబులు పెట్టించారు. అది బెడిసికొట్టాక అక్కడ ఏళ్ల తరబడి ఒకటే ప్రశ్న: ఆజ్ఞ ఇచ్చిందెవరు?

రమణి: లాజ్ఞే. ఐదో తరగతిలో బెత్తం చూపించి మరీ వల్లె వేయించారు.

కందప్రియ: బెత్తం సాక్ష్యం చెల్లదండీ. వులాజ్ఞ, వునాజ్ఞ రెండూ జగణమే, కందపద్యంలో ఆరో గణానికి రెండూ సరిపోతాయి. 'నా' అంటే నుగాగమం, మధ్యలో 'న' వచ్చి చేరడం, రాజునాజ్ఞ లాగే. అప్పుడు గురువు ఒక్కడే. 'లా' అంటే చాలామంది.

శేషు: లావోన్ గొడవ కూడా అదే కదా! సైనిక గూఢచారి విభాగం అధిపతి గిబ్లీ "మంత్రే చెప్పాడు" అన్నాడు, లావోన్ కాదన్నాడు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒల్షాన్, మాజీ సైన్యాధిపతి దోరి కలిసి విచారించి కూడా ఎటూ తేల్చలేదు. 1955 ఫిబ్రవరిలో లావోన్ పదవి వదిలేశాడు.

మూర్తి మాస్టారు: హీబ్రూలో ఆజ్ఞకి మాట 'హోరాఆ'. ఉపాధ్యాయుణ్ణి 'మోరె' అంటారు, యూదుల ధర్మగ్రంథం 'తోరా' కూడా ఆ ధాతువే. గురువు, ఆజ్ఞ ఒకే వేరు నుంచి! శతకం రాసిన బద్దెన చూస్తే మురిసిపోయేవాడు.

రమణి: మాస్టారూ, శీర్షికలో 'ఉత్తర్వు' అంటే సరిపోదా?

మూర్తి మాస్టారు: ఉత్తర్వంటే కాగితం ఉండాలమ్మా.

శేషు: కాగితం కూడా తయారైంది లెండి. ఒక ఉత్తరం కాపీలో "లావోన్ ఆదేశం ప్రకారం" అన్న మాటలు చేర్చి మళ్లీ టైపు చేశానని గిబ్లీ కార్యదర్శి తర్వాత ఒప్పుకుంది. 1960లో ఏడుగురు మంత్రుల కమిటీ లావోన్ ఆజ్ఞ ఇవ్వలేదని తేల్చింది. అందుకు అలిగి ప్రధాని బెన్ గురియన్ రాజీనామా చేశాడు, ఆ వెంటనే 1961లో లావోన్‌ని కార్మిక సమాఖ్య పదవి నుంచి దింపేశారు. నిర్దోషి అన్నాకే ఉన్నదీ పోయింది!

కందప్రియ: అంతకన్నా అదే పద్యంలో 'పారకుమీ రణమందున' చూడండి. అదే బద్దెన ఇంకోచోట "మోహరమున దా నెక్కిన బారని గుర్రము" వదిలేయమన్నాడు, మోహరమంటే యుద్ధమే. మనిషి పారకూడదు, గుర్రం పారాలి!

రమణి: పారడమంటే ఒకచోట పారిపోవడం, ఒకచోట పరుగెత్తడం. ఇందులో వింతేముంది?

సుబ్బు: శీర్షికకి మొదటి పాదమే నయం, "ఏరకుమీ కసుగాయలు". అలెగ్జాండ్రియాలో సినిమా హాలు ముందు, కళ్లజోడు పెట్టెలో పెట్టిన బాంబు దాన్ని తెచ్చిన కుర్రాడి జేబులోనే అంటుకుంది. దాంతో ముఠాలో చాలామంది దొరికిపోయారు, ఇద్దర్ని ఉరి తీశారు. పండకముందే కోస్తే అంతే.

కందప్రియ: ప్రాస చూడండి, మిగతా పాదాల్లో దూఱు, పాఱు, మీఱు మూడూ బండి ఱ. మరి మొదటి పాదంలో ఏరుకి?

మూర్తి మాస్టారు: దానికీ బండి ఱే.

కందప్రియ: ఏ నిఘంటువులో మాస్టారూ?

శేషు: నాజ్ఞనా, లాజ్ఞనా అండీ?