230 వోల్టుల సామాను 120 వోల్టుల దేశానికి తీసుకెళ్తే ప్లగ్గు మారిస్తే సరిపోతుందా?

సామాన్లపెట్టె:

ఇండియా నుంచి అమెరికాకి మకాం మారుస్తున్నాం. పట్టుకెళ్దామనుకుంటున్నవి: లాప్‌టాప్, ఫోన్ చార్జర్లు, 750 వాట్ల మిక్సీ, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, 1500 వాట్ల కెటిల్, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, టేబుల్ ఫ్యాను, నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని తెలుసు. నా దగ్గరున్న యూనివర్సల్ అడాప్టర్ మీద "100-240 వోల్టులు" అని రాసి ఉంది. అంటే అది వోల్టేజీని కూడా మారుస్తుందా? వేటికి అడాప్టర్ చాలు, వేటికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి? కొంటే ఎన్ని వాట్లది కొనాలి?

రాగితీగ:

మార్చదండి. అడాప్టర్ మీద ఉన్న అంకె దాని లోపలి రేకులు ఎంత వోల్టేజీకి పనికొస్తాయో చెబుతుంది, అంతే. గోడలో 120 ఉంటే ఇవతలికీ 120 వస్తుంది. అది మార్చేది పిన్నుల ఆకారం ఒక్కటే.

అందుకని ప్లగ్గు సంగతి చివర్లో చూద్దాం. ముందు ప్రతి వస్తువునూ తిరగేసి లేబుల్ చదవండి. "ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే దానికి ఏ దేశమైనా ఒకటే. ఫోన్ చార్జర్లు, లాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే. లోపల వచ్చిన ఏసీని ముందు డీసీ చేసుకుని, తమకు కావలసిన వోల్టేజీని తామే తయారుచేసుకుంటాయి. 120 మీద కరెంటు రెట్టింపు దాకా లాగుతాయి తప్ప పనిలో తేడా రాదు.

"230 వోల్టులు, 50 హెర్ట్జ్" అని ఒక్కటే ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఆ వస్తువు వేడి పుట్టించేదా, మోటారుతో తిరిగేదా, ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్నదా అన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది.

వేడి పుట్టించేవాటి లెక్క తేలిక. కాయిల్ రెసిస్టెన్స్ మారదు కాబట్టి వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతాయి. 120ని 230తో భాగించి వర్గం చేస్తే 0.27. మీ 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె అక్కడ 272 వాట్లే ఇస్తుంది, బట్ట మీద ముడత కదలదు. 1500 వాట్ల కెటిల్ 408 వాట్లకి దిగుతుంది. లీటరు నీళ్లు 25 డిగ్రీల నుంచి మరగడానికి ఇక్కడ మూడున్నర నిమిషాలు పడితే అక్కడ పదమూడు నిమిషాలు, పైగా ఆలోగా చల్లారిపోయే వేడి అదనం. ప్రమాదమేమీ లేదు, ఉపయోగమూ లేదు. వీటికోసం ట్రాన్స్‌ఫార్మర్ మోయడం దండగ, అక్కడే 120 వోల్టులవి కొనుక్కోండి.

ఇండక్షన్ స్టవ్ అసలు పట్టుకెళ్లకండి. వోల్టేజీ తక్కువైందని ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 2000ని 120తో భాగిస్తే 16.7 ఆంపియర్లు. అక్కడి మామూలు సాకెట్టు 15 ఆంపియర్లది. మూడు గంటలు, అంతకుమించి ఏకధాటిగా నడిచే లోడైతే అందులో 80 శాతమే, అంటే 12 ఆంపియర్లు, 1440 వాట్లే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మిగిలింది మిక్సీ, ఫ్యాను. మోటార్_వైండర్ గారు చెబితే బాగుంటుంది.

మోటార్_వైండర్:

మిక్సీలో ఉండేది యూనివర్సల్ మోటారు, కార్బన్ బ్రష్‌లు ఉండే రకం. దాని వేగానికి హెర్ట్జ్‌తో నిమిత్తం లేదు, వోల్టేజీ ఉంటే చాలు. కాబట్టి 120ని 230 చేసే మంచి స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 60 హెర్ట్జ్ మీద హాయిగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒట్టి అడాప్టర్‌తో 120కి పెడితే మెల్లగా తిరుగుతుంది. జార్‌లో గట్టి పదార్థం వేస్తే బ్లేడు ఆగిపోతుంది. ఆగిన మోటారును స్విచ్ ఆపకుండా అలాగే వదిలేస్తే వైండింగ్ వేడెక్కి వార్నిష్ వాసన వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఎంతది అంటే, 750 వాట్ల మిక్సీకి 1500ది తీసుకోండి. స్విచ్ వేసిన క్షణంలో మోటారు లాగే కరెంటు లేబుల్ మీదదానికి కొన్ని రెట్లు ఉంటుంది. జార్ బిగుసుకున్నప్పుడూ అంతే. సరిగ్గా 750ది కొంటే మొదటి తిప్పులోనే వోల్టేజీ కిందికి జారి మోటారు గొణుగుతుంది.

అట్టపెట్టె మీద రాసిన వాట్లు నమ్మకండి. 120 వైపు ఉన్న ఫ్యూజు విలువ చూడండి. నిజంగా 1500 వాట్లు ఇవ్వాలంటే ఆ వైపు 12.5 ఆంపియర్లు వెళ్లాలి. అక్కడ 8 ఆంపియర్ల ఫ్యూజు ఉందంటే 120 ఇంటూ 8, అంటే 960 వాట్లు, అంతకుమించి అది ఇవ్వలేదు. "1500" అన్నది క్షణకాలపు లెక్క అయ్యుంటుంది. వైరు సన్నగా, పెట్టె తేలిగ్గా ఉన్నా అనుమానించాల్సిందే. ఆ వాట్లకి ఇనుము, రాగి కిలోల కొద్దీ పడతాయి. ఇంకో మాట, ట్రాన్స్‌ఫార్మర్‌ను పనయ్యాక ప్లగ్గు తీసేయండి. లోడు లేకపోయినా లోపలి ఇనుప కోర్ వేడెక్కుతూ కొంత కరెంటు తింటూనే ఉంటుంది.

టేబుల్ ఫ్యాను విషయం వేరు. అందులో కెపాసిటర్‌తో నడిచే ఇండక్షన్ మోటారు ఉంటుంది, దాని వేగం హెర్ట్జ్‌కి కట్టుబడి ఉంటుంది. నాలుగు పోల్స్ మోటారులో అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 1500 సార్లు తిరిగితే, 60 మీద 1800 సార్లు తిరుగుతుంది. రెక్కలకు గాలి పెట్టే భారం వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 1.2 ఘనం 1.73. అదే 230 ఇచ్చినా 60 హెర్ట్జ్ మీద కోర్‌లో ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రభావం, ఆరోవంతు తగ్గుతుంది, అంటే బలం తగ్గి భారం పెరుగుతుంది. తిరగదని కాదు, వేడెక్కుతూ తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ హెర్ట్జ్‌ని మార్చలేదు కాబట్టి ఫ్యాను వదిలేయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లేబుల్ మీద 50 హెర్ట్జ్ ఒక్కటే ఉంటే వాటికీ ఇదే మాట.

సామాన్లపెట్టె:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫ్యాను, స్టవ్, ఇస్త్రీ పెట్టె లిస్టులోంచి తీసేశాను. ఒక సందేహం. అక్కడి ఇళ్లలో బట్టలారబెట్టే మెషీన్‌కి 240 వోల్టుల సాకెట్టు ఉంటుందట. దానికి సరిపోయే ప్లగ్గు బిగించుకుని కెటిల్ పెట్టేస్తే ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు కదా? ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతీ ఎవరూ చెప్పలేదు.

ఫేజ్_న్యూట్రల్:

వోల్టేజీ లెక్కలో మీరన్నది నిజమే, వైరింగ్ లెక్కలో కాదు.

అక్కడి ఇంటికి వచ్చేది రెండు ఫేజు తీగలు, మధ్యలో ఒక న్యూట్రల్. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కీ మధ్య 120, రెండు ఫేజుల మధ్య 240. ఇండియాలో సాకెట్టుకి ఒకవైపు ఫేజు, రెండోవైపు న్యూట్రల్ వస్తే, ఆ 240 సాకెట్టులో రెండు పిన్నులూ ఫేజే. మీ కెటిల్ స్విచ్ ఒక తీగనే తెంచుతుంది. స్విచ్ ఆపినా రెండో తీగ మీద ఎర్త్‌తో పోలిస్తే 120 అలాగే ఉంటుంది, లోపల ముట్టుకుంటే షాక్.

అంతకన్నా పెద్ద చిక్కు, ఆ సాకెట్టు వెనక బ్రేకర్ 30 ఆంపియర్లది. కెటిల్ వైరు 10 ఆంపియర్లకి సరిపోతే ఎక్కువ. లోపల సగం షార్ట్ అయ్యి 25 ఆంపియర్లు లాగిందనుకోండి, బ్రేకర్‌కి అది మామూలు లోడే. అది ట్రిప్ కాదు, వైరు ఇన్సులేషన్ కరిగిపోతుంది. బ్రేకర్ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి, మీ కెటిల్ వైరును కాపాడటానికి కాదు.

పెద్ద అపార్ట్‌మెంట్లలో మూడు ఫేజుల సరఫరా ఉంటే అది 240 కూడా కాదు, 208. 120ని మూడు వర్గమూలంతో గుణిస్తే వచ్చేది అదే. అక్కడ మీ 1500 వాట్ల కెటిల్ 1227 వాట్లు ఇస్తుంది.

240 కావాల్సిందే అనుకుంటే సరైన దారి ఒకటుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత రెండు ఫేజులనూ ఒకేసారి తెంచే రెండు పోల్స్ 15 ఆంపియర్ల బ్రేకర్, దానికి సరిపోయే 6-15 రకం సాకెట్టు విడిగా వేయించుకోవడం. అద్దె ఇంట్లో అయితే ఆ ఊసే వద్దు.

ఫ్యూజు_పోయింది:

ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించి. దాని మీద 6 ఆంపియర్లు అని ఉంటుంది చూడండి. రేకులకి, వైరుకి హద్దు ఆంపియర్లే, వాట్లు కాదు. 230 మీద 6 ఆంపియర్లంటే 1380 వాట్లు. అదే బాక్సు 120 మీద 720 వాట్లకే నిండిపోతుంది. చార్జర్లు పెట్టుకోండి, హీటర్ పెట్టకండి. బాక్సులోని సర్జ్ (హఠాత్తుగా ఎగబాకే వోల్టేజీ) రక్షణ కూడా 230 లెక్కన పెట్టిందే, కాబట్టి 120 మీద అది ఆలస్యంగా మేల్కొంటుంది. హాని లేదు గానీ రక్షణ అంతంతమాత్రం.

దీనికి తిరగబడ్డ సందర్భమే భయపడాల్సింది. అమెరికాలో కొన్న సర్జ్ ప్రొటెక్టర్‌ని ఒట్టి అడాప్టర్‌తో 230 దేశంలో పెట్టారంటే, అందులోని ఎంఓవీ, అంటే ఎక్కువైన వోల్టేజీని పక్కకి పారించే భాగం, సుమారు 130-150 వోల్టులకి చేసినది. మామూలు కరెంటే దానికి పెద్ద సర్జ్‌లా కనిపించి ఆగకుండా దాన్ని పారించేస్తుంది. పగిలి పొగొస్తుంది, మంట కూడా లేవొచ్చు.

ఎర్త్ మాట ఎవరూ ఎత్తలేదు. చవకరకం యూనివర్సల్ అడాప్టర్లలో మూడో పిన్నుకి కన్నం ఉంటుంది గానీ లోపల దానికి తీగ ఉండదు. లాప్‌టాప్ లోహపు ఒళ్లు ముట్టుకుంటే జివ్వుమనేది అందుకే. చార్జర్‌లోని చిన్న కెపాసిటర్ల గుండా లీకయ్యే కరెంటుకి పోవడానికి దారి లేక అక్కడ నిలుస్తుంది. అది చాలా స్వల్పం. కానీ అదే అడాప్టర్ మీద లోహపు ఒళ్లున్న కెటిల్ పెట్టి, లోపల ఫేజు తీగ ఒళ్లుకి తగిలితే కాపాడేది ఏదీ ఉండదు.

లాప్‌టాప్‌కి అడాప్టరే అక్కర్లేదు. చార్జర్ ఇటుకకి గుచ్చే వైరు విడిగా ఊడొస్తుంది కదా, అక్కడి ప్లగ్గున్న వైరు కొనుక్కుంటే చాలు. మూడు కన్నాల గుండ్రటిదైతే సీ5, ఎనిమిది అంకె ఆకారమైతే సీ7. రెండూ 2.5 ఆంపియర్లవే. డెస్క్‌టాప్, మానిటర్లకి ఉండేది సీ13, 10 ఆంపియర్లది. సీ5, సీ13లతో ఎర్త్ కూడా సక్రమంగా అందుతుంది.

తిరుగుటపా:

మధ్యలో దూరుతున్నాను. మాది ఉల్టా కేసు. అమెరికా నుంచి 230 వోల్టుల దేశాలకి: ఇండియా, జర్మనీ. మధ్యలో జపాన్ కూడా ఉంది. హెయిర్ డ్రయ్యర్, పాత డెస్క్‌టాప్, అలారం గడియారం ఉన్నాయి. "2000 వాట్ల ట్రావెల్ కన్వర్టర్" అని అరచేతిలో పట్టేది ఒకటి చూశాను, పనికొస్తుందా?

రాగితీగ:

అరచేతిలో పట్టే 2000 వాట్లంటే అది ట్రాన్స్‌ఫార్మర్ కాదు. ప్రతి అలలో కొంత భాగాన్ని కోసేసి మిగతాది వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్. ఆ కోసిన అల శిఖరం చాలాసార్లు 230 వోల్టుల అలదే, సుమారు 325 వోల్టులు. ఉత్త కాయిల్ దాన్ని పట్టించుకోదు, సగటు వేడి సరిపోతే చాలు. బోర్డులున్న వస్తువు పెడితే పోతుంది. ఈమధ్యవి చాలా హెయిర్ డ్రయ్యర్లలో కూడా బోర్డులుంటాయి, జాగ్రత్త.

కన్వర్టర్ లేకుండా పెడితే ఏమవుతుందో కూడా చూడండి. 120 వోల్టుల 1000 వాట్ల డ్రయ్యర్ 230 మీద 3.67 రెట్లు, అంటే సుమారు 3670 వాట్లు లాగాలని చూస్తుంది. కాయిల్ ఎర్రబడి, లోపలి థర్మల్ ఫ్యూజు కొట్టేసిందంటే అదృష్టం. కొన్నిట్లో 125/250 అని నాణెంతో తిప్పే చిన్న స్విచ్ ఉంటుంది. ఉంటే ప్లగ్గు పెట్టకముందే తిప్పండి.

పాత డెస్క్‌టాప్ వెనక పవర్ సప్లై దగ్గర 115/230 అని ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. 115లో వదిలేసి 230కి పెడితే లోపలి డబ్లర్ సర్క్యూట్ 325ని రెట్టింపు చేసి 650 వోల్టుల డీసీ తయారుచేస్తుంది, కెపాసిటర్లు ఢామ్మంటాయి. తిరగేసి పెడితే, అంటే 230లో ఉంచి 120కి పెడితే, ఊరికే ఆన్ కాదు.

గడియారం గోడ కరెంటు హెర్ట్జ్‌ని లెక్కపెట్టే రకమైతే, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 50 హెర్ట్జ్ మీద గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. బ్యాటరీది కొనండి.

జపాన్‌లో 100 వోల్టులు. తూర్పున టోక్యో వైపు 50 హెర్ట్జ్, పడమట ఒసాకా వైపు 60. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యోకి జర్మనీ జనరేటర్లు, ఒసాకాకి అమెరికావి తెచ్చుకున్న ఫలితం అది. మీ అమెరికా ప్లగ్గు రెండు పిన్నులదైతే పడుతుంది. మూడో పిన్ను ఉంటే గానీ, ఒక పిన్ను వెడల్పుగా ఉంటే గానీ పాత సాకెట్లలో దూరకపోవచ్చు. 120 వోల్టుల హీటరు అక్కడ 69 శాతం వేడిస్తుంది.

మోటార్_వైండర్:

పైదానికి ఒక చేర్పు. 60 హెర్ట్జ్ మోటారును 50కి తీసుకెళ్లడం మొదటి ప్రశ్నలోని ఫ్యాను కన్నా చెడ్డది. ఫ్లక్స్ వోల్టేజీని హెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 120ని 60తో భాగిస్తే 2, 50తో భాగిస్తే 2.4. కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరిగి ఇనుము నిండిపోతుంది, కరెంటు ఎగబాకుతుంది, వేగం తగ్గడంతో చల్లబరిచే గాలీ తగ్గుతుంది. తప్పదనుకుంటే వోల్టేజీ తగ్గించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ని 120కి కాకుండా 100 వోల్టులకి పెట్టండి. 100ని 50తో భాగిస్తే మళ్లీ 2 వస్తుంది. బలం కొంత తగ్గుతుంది గానీ వైండింగ్ బతుకుతుంది.

ఫ్యూజు_పోయింది:

జర్మనీ గోడ సాకెట్టు షూకో, టైప్ ఎఫ్, 16 ఆంపియర్లు, ఎర్త్ పక్కనున్న క్లిప్పుల్లో ఉంటుంది. ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది కాబట్టి ఏ పిన్ను ఫేజో ముందే చెప్పలేం. లాంపులో బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. అక్కడ కొన్న సన్నటి రెండు పిన్నుల యూరోప్లగ్గు ఇండియా సాకెట్టులోనూ దూరుతుంది, కానీ 4 మిల్లీమీటర్ల పిన్ను 5 మిల్లీమీటర్ల కన్నంలో వదులుగా కూర్చుంటుంది. చిటపటమని చప్పుడు వస్తే, ప్లగ్గు వేడెక్కితే అదే కారణం. దానికి బిగుతుగా పట్టే అడాప్టర్ పెట్టండి, పిన్నుల్ని మాత్రం వంచకండి.