బ్లెండర్‌లో భోగి మంట: నాలుకలు విడివడకుండా ముద్దగా లేస్తోంది

హంస_3డీ అడిగారు:

అందరికీ నమస్కారం. బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్) 4.2లో సంక్రాంతి షార్ట్ కోసం భోగి మంట చేస్తున్నాను. దుంగల కుప్ప మీటరున్నర వెడల్పు. డొమైన్ (మంట, పొగల లెక్క జరిగే పెట్టె) 4×4×8 మీటర్లు, రిజల్యూషన్ డివిజన్స్ 64, నాయిస్ ఆన్, ఫ్లో (మంట పుట్టించే వస్తువు) టైప్ ఫైర్ + స్మోక్. సెకనుకు 24 ఫ్రేములు, రెండర్ సైకిల్స్ ఇంజిన్‌లో.

మంట మొత్తం ఒకే ముద్దలా, బద్ధకంగా లేస్తోంది. దుంగల సందుల్లోంచి రావాల్సింది దుంగల్లోంచే దూసుకొస్తోంది. నడిమి భాగం తెల్లగా పేలిపోతోంది, పొగ మాత్రం నల్లగా మిగిలిపోతోంది. నాయిస్ అప్‌రెస్ 2 నుంచి 4 చేస్తే పైపైన గరుకుదనం పెరిగింది తప్ప కదలిక మారలేదు. మెషీన్‌లో 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ముందు దేన్ని సరిచేయాలి?

వోక్సెల్_వాసు:

ముందు నాయిస్ ఆపేయండి. అది ఉన్న కదలిక మీద చిన్న సుడులు అద్దుతుందే గానీ కొత్త కదలిక పుట్టించదు. మీ సమస్య వోక్సెల్ (డొమైన్‌ని విడగొట్టే చిన్న ఘనపు గడి) సైజులో ఉంది.

రిజల్యూషన్ డివిజన్స్ అంటే డొమైన్‌లో అన్నిటికన్నా పొడవైన వైపుని ఎన్ని ముక్కలు చేయాలన్న అంకె. 8 మీటర్లను 64 ముక్కలు చేస్తే ఒక్కో వోక్సెల్ 12.5 సెంటీమీటర్లు. మంట నాలుక వెడల్పే అంత ఉంటుంది, ఇక దాని అంచు ఎక్కడ విడివడుతుంది? దుంగలు 10 సెంటీమీటర్ల లావైతే అవి ఒక వోక్సెల్ కన్నా సన్నం. ఎఫెక్టర్‌గా (మంటకి అడ్డుపడే వస్తువుగా) పెట్టినా సాల్వర్‌కి, అంటే లెక్కలు చేసే భాగానికి, సరిగా కనపడవు. మంట వాటిలోంచి దూరిపోవడానికి కారణం అదే.

రిజల్యూషన్ ఒక్కసారిగా 256కి పెంచేయకండి. 128×128×256 అంటే దాదాపు 42 లక్షల వోక్సెల్స్. డొమైన్‌ని 3×3×5 మీటర్లకు కుదించి 160 పెడితే వోక్సెల్ 256లో వచ్చే అదే 3.1 సెంటీమీటర్లు, మొత్తం మాత్రం 14.7 లక్షలే. కుదించాక కంట్రోల్-ఏ కొట్టి స్కేల్ అప్లై చేయడం మరవకండి. బోర్డర్ కొలిజన్స్‌లో అడుగు ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి, లేకపోతే పొగ పైకప్పుకి తగిలి తిరిగి కిందకి దిగుతుంది. కెమెరాకి డొమైన్ పై అంచు కనిపించకూడదు, అక్కడ పొగ కత్తితో కోసినట్టు తెగిపోతుంది.

రిజల్యూషన్ రెట్టింపైతే వోక్సెల్స్ 8 రెట్లవుతాయి, టైమ్‌స్టెప్స్ (ఒక్కో ఫ్రేముకి లెక్క వేసే అడుగులు) కూడా పెరుగుతాయి. అందుకే కదలిక సరిచూసుకునే పనంతా 80 దగ్గరే చేసుకోండి. 160లో ఆకారం కొంత మారుతుంది, ఆశ్చర్యపోవద్దు.

దుంగలనే ఫ్లోగా వాడుతున్నట్టున్నారు. దుంగలు ఎఫెక్టర్‌గానే ఉండాలి. మంట పుట్టించడానికి సందుల్లో నాలుగైదు చిన్న మెష్ ముక్కలు విడిగా పెట్టండి, అవి దుంగల్లోకి చొచ్చుకుపోకూడదు. ఎఫెక్టర్ లోపల పుట్టిన మంట బయటికి రాదు.

నిప్పురవ్వ:

వాసు గారు చెప్పిన దానికి వేగం సంగతి కలుపుతాను. పెద్ద మంట లయగా ఉబ్బి తెగుతుంటుంది. దానికి ఒక ప్రయోగాత్మక సూత్రం ఉంది: సెకనుకు ఎన్నిసార్లు అన్నది సుమారు 1.5ని మంట అడుగు వ్యాసపు వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, వ్యాసం మీటర్లలో. మీ మీటరున్నర మంటకి 1.2 సార్లు, అంటే దాదాపు 20 ఫ్రేములకొకసారి. వ్యూపోర్ట్‌లో పక్కనుంచి చూస్తూ ఫ్రేములు లెక్కపెట్టండి. 40 ఫ్రేములకొకసారి వస్తుంటే చూసేవాళ్ల కంటికి అది స్లో మోషనే.

నెమ్మదిగా ఉంటే డొమైన్‌లోని ఫైర్ కింద టెంపరేచర్ మ్యాగ్జిమమ్‌ని 3 నుంచి 4కో 4.5కో పెంచండి, మంట వేగంగా లేస్తుంది. రియాక్షన్ స్పీడ్ 0.75 ఉంటుంది. పెంచితే ఇంధనం తొందరగా కాలిపోయి మంట పొట్టిదవుతుంది, తగ్గిస్తే పొడుగవుతుంది. చాలామంది దీన్ని తిప్పి అర్థం చేసుకుంటారు. గ్యాస్ వోర్టిసిటీ (సుడుల బలం) 0.1 నుంచి 0.2 చాలు. అంతకు మించితే మంట మరుగుతున్న నీళ్లలా కుతకుతలాడుతుంది.

ఫ్లో ముక్కలన్నీ ఒకే మోతాదులో ఇంధనం ఇస్తే మంట గ్యాస్ పొయ్యిది అవుతుంది, కట్టెలది కాదు. ఒక్కో ముక్కకి ఫ్యూయెల్ వేరుగా పెట్టండి, ఒకటి 0.6, ఇంకొకటి 1.2 అలా. ఫ్లోలో టెక్స్చర్ ఆన్ చేసి క్లౌడ్స్ ఇచ్చి ఆఫ్‌సెట్‌కి కీఫ్రేములు పెడితే మంట ఒకచోట ఆరి మరోచోట అందుకుంటుంది.

హంస_3డీ:

160లో బేక్ చేశాను (సిమ్యులేషన్ లెక్కించి డిస్కులో దాచాను), నాలుకలు వచ్చాయి! దుంగల చుట్టూ తిరిగి వస్తోంది. తెలుపు, నలుపు మాత్రం అలాగే ఉన్నాయి. ఫైల్ మూసి తెరిస్తే బేక్ కూడా పోయింది.

తెనాలి_రెండర్:

తెలుపు సంగతి: 4.0 నుంచి డిఫాల్ట్ వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రెండర్ రంగుల్ని తెరకి సరిపడేలా మార్చే పద్ధతి) ఏజీఎక్స్. బాగా వెలిగే రంగుని అది కావాలనే తెలుపు వైపు తీసుకెళ్తుంది. ప్రిన్సిపుల్డ్ వాల్యూమ్‌లో బ్లాక్‌బాడీ ఇంటెన్సిటీ (వేడిని బట్టి వచ్చే వెలుగు) 0 చేసి, ఆట్రిబ్యూట్ నోడ్‌లో ఫ్లేమ్ గ్రిడ్ తీసుకుని కలర్ ర్యాంప్ ద్వారా ఎమిషన్ కలర్‌కి ఇవ్వండి: 0.1 వరకు నలుపు, 0.25 దగ్గర ముదురు ఎరుపు, 0.5కి నారింజ, చివర లేత పసుపు. అదే ఫ్లేమ్‌ని మల్టిప్లై నోడ్ ద్వారా ఎమిషన్ స్ట్రెంగ్త్‌కి కలిపి, నడిమి భాగం పసుపులో నిలబడేదాకా ఆ అంకెని సగం, సగం చేసుకుంటూ రండి. నేల మీద వెలుతురు తగ్గితే స్ట్రెంగ్త్ మళ్లీ పెంచొద్దు. మంటలో పాయింట్ లైట్ ఒకటి పెట్టి పవర్ ఎఫ్-కర్వ్‌కి (కాలంతో విలువ మారే గీతకి) నాయిస్ మోడిఫయర్ వేయండి.

పొగ నల్లబడడానికి ముఖ్య కారణం లైట్ పాత్స్‌లో వాల్యూమ్ బౌన్సెస్ (పొగలో వెలుతురు ఎన్నిసార్లు చెదరాలన్న అంకె) డిఫాల్ట్‌గా 0 ఉండటం. 2 లేదా 3 చేయండి. ఎండు కట్టెలకి ఫ్లేమ్ స్మోక్ 1 ఎక్కువ, 0.3 చాలు. పిడకలు, పచ్చి ఆకులు వేసిన మంటైతే పెంచి, స్మోక్ కలర్ 0.8 దాకా తెల్లగా పెట్టొచ్చు. భోగి తెల్లవారకముందే వేస్తారు కదా, వరల్డ్‌లో బాగా మసక నీలం కొంచెం ఉంటే గానీ పైకెళ్లిన పొగ ఆకాశంలోంచి విడిగా కనపడదు.

బేక్ పోవడం: ముందు ఫైల్ సేవ్ చేసి, క్యాష్ (బేక్ ఫలితాలు దాచే చోటు) పాత్ ఆ ఫైల్ పక్కనే ఉన్న ఫోల్డర్‌కి మార్చి, అప్పుడే బేక్ చేయాలి. సేవ్ కాని ఫైల్ క్యాష్ టెంపరరీ ఫోల్డర్‌లోకి పోతుంది. టైప్ మాడ్యులర్ ఉంచండి. తర్వాత నాయిస్ కూడా కావాలంటే డేటా బేక్‌కి ముందే ఈజ్ రిజ్యూమబుల్ టిక్ ఉండాలి, లేదంటే నాయిస్ బేక్ చేయనివ్వదు.

నిప్పురవ్వ:

రవ్వలకి వేరే సిమ్యులేషన్ అక్కర్లేదు. ఫ్లో ముక్కల నుంచి 300 పార్టికల్స్, లైఫ్‌టైమ్ 30 ఫ్రేములు, లైఫ్‌టైమ్ ర్యాండమ్‌నెస్ 0.6, ఫీల్డ్ వెయిట్స్‌లో గ్రావిటీ 0.1. ఒక ఎంప్టీకి (రెండర్‌లో కనపడని వస్తువుకి) ఫోర్స్ ఫీల్డ్‌గా ఫ్లూయిడ్ ఫ్లో ఇచ్చి డొమైన్‌ని చూపిస్తే రవ్వలు మంట గాలి వెంటే సుడి తిరుగుతాయి. సైజు 3 నుంచి 5 మిల్లీమీటర్లు, మోషన్ బ్లర్ ఆన్. పార్టికల్ ఇన్ఫోలో ఏజ్‌ని లైఫ్‌టైమ్‌తో భాగించి కలర్ ర్యాంప్‌కి ఇస్తే రవ్వ పసుపులో పుట్టి ఎరుపులో ఆరిపోతుంది.